అఫిల్లం అంటే మన అపర్ణే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం కుండీల గురించి, సగం పేర్ల గురించి. నాకు రెండూ ఇష్టమైన సంగతులే. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పాను. రిటైరయ్యాక విశాఖ సీతమ్మధారలో మా రెండో అంతస్తు బాల్కనీలో ఆర్కిడ్లు పెంచుతున్నాను. అందుకే ఈసారి వ్యాకరణాన్నీ బొగ్గు ముక్కల్నీ విడదీయకుండా జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: పెళ్ళిరోజుకి మావారు తెల్లపూల ఫెలనాప్సిస్ ఆర్కిడ్డు కొనిచ్చారు. పూలు రెండు నెలలు నిలిచాయి. అవి రాలాక, ప్లాస్టిక్ కుండీ ఇరుకైపోయిందని పెద్ద కుండీలోకి మార్చి, ఎర్రమట్టి, వర్మీకంపోస్టు కలిపి వేశాను. నెల తిరిగేసరికి ఆకులు పసుపు తిరిగి మెత్తబడ్డాయి. ఏం ఎరువు వెయ్యమంటారు?
– ఒక గృహిణి, గాజువాక

జవాబు: ఎరువు ఏమీ వద్దమ్మా. ముందు మొక్కను ఆ మట్టిలోంచి బయటికి తియ్యండి. ఇవాళే తియ్యండి.

నా మొదటి ఫెలనాప్సిస్ కూడా ఇలాగే పోయింది. కొన్నచోట "ఏ మట్టిలో పెట్టాలి బాబూ?" అని అడిగాను. "మంచి మట్టిలో పెట్టండి మేడం" అన్నారు. మంచి మట్టే తెచ్చి పెట్టాను. ఇరవై రోజుల్లో మొక్క మొదలంటా కుళ్ళింది. వాళ్ళ జవాబు కన్నా ముందు నా ప్రశ్నే తప్పని తర్వాత తెలిసింది. ‘మట్టి’ అన్న మాట నోట వచ్చాక చెయ్యి దాని వెనకే పోతుంది.

ఫిలిప్పీన్స్, ఇండోనేషియా అడవుల్లో ఈ మొక్కలు చెట్ల కొమ్మల్ని పట్టుకుని బతుకుతాయి. వాన పడితే వేర్లు తడుస్తాయి, గాలి వీస్తే ఆరిపోతాయి. ఆ వేరు చుట్టూ స్పాంజి లాంటి పొర ఒకటి ఉంటుంది, దాన్ని వెలామెన్ అంటారు. పొడిగా ఉన్నప్పుడు వెండి రంగులో ఉంటుంది, నీళ్ళు తగిలిన నిమిషంలో ఆకుపచ్చగా మారుతుంది. ఒకసారి చెంచాడు నీళ్ళు పోసి చూడండి, కళ్ళముందే రంగు మారుతుంది. అలాంటి వేరును తడి మట్టిలో పాతితే ఊపిరాడదు.

ఇప్పుడు చెయ్యవలసింది చెబుతాను. టబ్బులో నీళ్ళు పోసి వేర్లకు అంటిన మట్టంతా కడగండి. ఒక్కొక్క వేరునూ రెండు వేళ్ళతో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే మంచి వేరు. కుళ్ళినదైతే పట్టి లాగగానే పైతొక్క ఊడొచ్చేసి లోపల సన్నటి దారం మిగులుతుంది. అలాంటివన్నీ కత్తిరించెయ్యండి. కత్తెరను ముందు గ్యాస్ మంట మీద కాల్చి చల్లార్చుకోండి. కోసినచోట దాల్చినచెక్క పొడి అద్దండి. మంచి వేర్ల మీద మాత్రం పడనివ్వకండి, అది వేర్లను ఎండబెట్టేస్తుంది.

ఇంకొక్కటి. మొక్క అడుగున, వేర్ల నడుమ, చిన్న ప్లాస్టిక్ బుట్ట గానీ నాచు ఉండ గానీ ఉందేమో వెతకండి. ల్యాబులో పెంచిన పిల్లమొక్కను ఆ నాచులో పెట్టి పెంచుతారు, దానితోనే అమ్మేస్తారు. పోయిన నెల నేను ఒక కొత్త మొక్కను విప్పి చూశాను. పైనంతా ఎండిపోయి ఉంది. నడిమధ్యన ఆ ఉండ మాత్రం అప్పుడే పిండిన ఇడ్లీ గుడ్డలా చెమ్మగా ఉంది. దాని చుట్టూ ఉన్న నాలుగు వేర్లూ నల్లబడ్డాయి. పైన చెయ్యి పెట్టి "పొడిగానే ఉందే" అని మళ్ళీ నీళ్ళు పోస్తుంటాం. మొక్క చచ్చేది అక్కడే. టూత్‌పిక్‌తో మెల్లగా లాగితే నాచు పోగులు పోగులుగా వస్తుంది. తొందరపడకండి, నాకు అరగంట పట్టింది.

శుభ్రం చేశాక ఒకరోజు నీడలో ఆరనిచ్చి అప్పుడు కుండీలో పెట్టండి. నేను వాడే కొలత: కట్టె బొగ్గు రెండు పాళ్ళు, ఇటుక ముక్కలో పాత బంగాళా పెంకు ముక్కలో ఒక పాలు, కొబ్బరి డొక్క ముక్కలు ఒక పాలు. అన్నీ బొటనవేలి గోరంత ఉండాలి. పొడి, నూక జల్లించి పారెయ్యండి. డొక్క ముక్కల్లో ఉప్పు, వగరు ఉంటాయి. రోజూ నీళ్ళు మారుస్తూ, టీ రంగు దిగడం ఆగేదాకా నానబెట్టాలి. నాకు నాలుగైదు రోజులు పడుతుంది. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) మాత్రం వద్దు, అది మట్టికి చుట్టమే. బొగ్గు అంటే ఇస్త్రీ బండి వాళ్ళు వాడే కట్టె బొగ్గు. రాక్షసి బొగ్గు కాదు. ఇలా విడమరచి చెప్పడానికి కారణం ఉంది. ఒకావిడ నా మాట విని, "బొగ్గే కదా" అని ఆ రెండోది తెచ్చి వేశారు.

పైన్ చెట్టు బెరడు దొరికితే అదీ మంచిదే. కాకపోతే మన విశాఖ గాలిలో వానాకాలమంతా తేమే. బెరడు ఒక్కటే వేస్తే ఆరదు. బొగ్గు, పెంకు త్వరగా ఆరతాయి. వానల్లో వారానికి ఒకసారి నీళ్ళు చాలు, మే నెలలో రోజు విడిచి రోజు. ఆకుల నడుమ గుండెలాంటి చోట నీళ్ళు నిలవకూడదు. నిలిస్తే నూలుగుడ్డ కొసతో అద్దెయ్యండి. కొత్త వేరు కొన కనబడిన తర్వాతే ఎరువు. నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే పంతొమ్మిది-పంతొమ్మిది-పంతొమ్మిది ఎరువు లీటరుకు అర గ్రాము, వారానికి ఒకసారి.

ప్రశ్న: ఆర్కిడ్స్ అనాలా, ఆర్కిడ్లు అనాలా? మా ఫ్రెండ్స్ ‘ఆర్కిడ్స్‌లు’ అని కూడా అంటున్నారు. ఒక్క మొక్కే ఉంటే ‘ఫెలనాప్సి’ అనొచ్చా?
– డిగ్రీ విద్యార్థి, గోపాలపట్నం

జవాబు: గుడ్డు–గుడ్లు, రోడ్డు–రోడ్లు, అలాగే ఆర్కిడ్డు–ఆర్కిడ్లు. తెలుగులోకి వచ్చిన మాట తెలుగు బహువచనమే తీసుకుంటుంది. ‘ఆర్కిడ్స్‌లు’ అంటే బహువచనం మీద బహువచనం వేసినట్టు, అది వదిలెయ్యి నాయనా.

ఫెలనాప్సిస్ చివర ఉన్న ‘స్’ బహువచనం కాదు, బస్‌లో ‘స్’ లాంటిదే. గ్రీకులో ఫలైనా అంటే రాత్రిపూట దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగు, ఆప్సిస్ అంటే రూపం. ఆ పురుగు రూపం కలది, మన లెక్కలో బహువ్రీహి సమాసం. సాయంత్రం చీకటి పడుతున్నప్పుడు తెల్లపూల కొమ్మను కాస్త దూరం నుంచి చూడు, పేరు పెట్టినవాళ్ళు ఏం చూశారో తెలుస్తుంది. ఒకటైనా ఫెలనాప్సిసే, పదైతే ఫెలనాప్సిస్‌లు.

ప్రశ్న: నర్సరీలో డెండ్రోబియం అనే ఆర్కిడ్డు కొన్నాను. చీటీ మీద ‘డెండ్రోబియం అఫిల్లం’ అని ఉంది. వానాకాలమంతా పచ్చగా వేలాడింది. డిసెంబరు నుంచి ఒక్కొక్క ఆకే రాలి ఇప్పుడు ఉత్త పుల్లలు మిగిలాయి. మా ఆవిడ పారెయ్యమంటోంది. నాకేమో మనసొప్పడం లేదు.
– రిటైర్డ్ ఉద్యోగి, మధురవాడ

జవాబు: దయచేసి పారెయ్యకండి. మీ మొక్క సంగతి ఆ చీటీ మీదే రాసి ఉంది.

గ్రీకులో ఫిల్లాన్ అంటే ఆకు. ముందున్న ‘అ’ లేమిని చెబుతుంది, సంస్కృతంలో ‘అ’ లాగే. అధర్మం, అజ్ఞానం అంటామే, అదే అకారం. అఫిల్లం అంటే ఆకులు లేనిది. మన భాషలో దీనికి అచ్చంగా సరిపోయే మాట ఒకటుంది, అపర్ణ. శివుడి కోసం తపస్సు చేస్తూ పార్వతీదేవి రాలిన ఆకులు తినడం కూడా మానేసిందని ఆ పేరు వచ్చింది. నా దగ్గరున్న అఫిల్లం కుండీకి ‘అపర్ణ’ అనే చీటీ కట్టాను. మా ఇంట్లో అందరూ అలాగే పిలుస్తారు.

మీ మొక్క ఇప్పుడు తపస్సులో ఉంది. చలికాలంలో ఆకులు రాల్చి, ఆ బోసి పుల్లల మీదే పూస్తుంది. సాధారణంగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు కణుపుల దగ్గర పెసరగింజంత బుడిపెలు కనబడతాయి. లేత ఊదా రేకులు, మధ్యలో మీగడ రంగు దోనె. పుల్ల పొడుగునా పూస్తే చూడటానికి రెండు కళ్ళూ చాలవు. అప్పటిదాకా చేతులు కట్టుకుని ఉండాలి. జాలిపడి రోజూ నీళ్ళు పోశారంటే పూలకు బదులు పిల్లమొక్కలు వస్తాయి. పది పన్నెండు రోజులకోసారి కాస్త తడి చూపిస్తే చాలు, ఎరువు అసలే వద్దు. వెలుతురు బాగా ఉండాలి.

పుల్లను నొక్కి చూడండి. చెరుకులా గట్టిగా ఉంటే, కాస్త ముడతలు పడ్డా సరే, బతికే ఉంది. మెత్తగా గోధుమరంగు నీరు వస్తే ఆ ఒక్కటీ కోసెయ్యండి. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. బజారులో ఎక్కువగా దొరికే నిటారు డెండ్రోబియం హైబ్రిడ్లు ఏడాది పొడుగునా ఆకులతో ఉంటాయి. అవి ఇలా మొత్తం రాల్చేస్తే వేర్లలో ఏదో తేడా ఉన్నట్టు. అందుకే చీటీ పోగొట్టుకోవద్దని అందరికీ చెబుతుంటాను.

ప్రశ్న: మా ఊళ్ళో మామిడిచెట్ల మీద గళ్ళపూల ఆర్కిడ్లు ఉన్నాయి. పెద్దవాళ్ళు అదీ బదనికే, చెట్టును పీల్చేస్తుంది, నరికెయ్యమంటున్నారు. నిజమేనా? దీని పేరు ఒక పుస్తకంలో ‘టెసెల్లాటం’ అని, మరోదాంట్లో ‘టెసెల్లాటా’ అని ఉంది. ఏది తప్పు?
– ఉపాధ్యాయిని, పాడేరు

జవాబు: నరకనివ్వకండి తల్లీ. బదనిక వేరు, ఇది వేరు. బదనిక కొమ్మలోకి వేరు దించి చెట్టు రసం తాగుతుంది. ఆర్కిడ్డు చెట్టు మీద కూర్చుంటుందంతే. వానా, గాలీ, బెరడు సందుల్లో చేరిన ఆకు చెత్తా దాని తిండి.

దీనికి నేను కళ్ళారా చూసిన సాక్ష్యం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా కాంపౌండులో పెద్ద కానుగ చెట్టు వేర్లతో సహా పడిపోయింది. దాని మీద ఈ మొక్కే ఒకటి ఉండేది, ఇంకో కొమ్మ మీద బదనిక కూడా ఉండేది. కరెంటు లేదు, నీళ్ళు లేవు, చెట్టును ఎత్తే మనిషి దొరకలేదు. చాలా రోజులు అలాగే పడి ఉంది. ముందు కానుగ ఆకులు మాడాయి, దాని వెంటే బదనిక మాడింది. ఆర్కిడ్డు మాత్రం ఆ ఎండుకొమ్మ మీదే కొత్త వేరు వేసింది. ఆకుపచ్చ కొనతో, అగ్గిపుల్లంత. చెట్టు రసం మీద బతికేదైతే అప్పటికే పోవాలి కదా. ఆ కొమ్మ ముక్కను కోయించి తెచ్చుకున్నాను. ఇప్పటికీ మా బాల్కనీ చువ్వలకే వేలాడుతోంది.

ఇక పేరు. రెండూ తప్పు కాదు, కాలం తేడా. సామర్లకోటలో ఏళ్ళ తరబడి ఉండి మన తీరం మొక్కల్ని బొమ్మలు వేయించి రాసిన విలియం రాక్స్‌బర్గ్, 1795లో దీనికి ‘ఎపిడెండ్రం టెసెల్లాటం’ అని పేరు పెట్టాడు. తర్వాత దీన్ని ‘వాండా’ జాతిలోకి మార్చారు. ఎపిడెండ్రం లాటిన్‌లో నపుంసక లింగం, వాండా స్త్రీలింగం. విశేష్యం మారితే విశేషణమూ మారాలి, కాబట్టి టెసెల్లాటం కాస్తా టెసెల్లాటా అయింది. తెలుగులో మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి చెట్టు అంటాం, ‘మంచి’ కదలదు. సంస్కృతంలో సుందరః, సుందరీ, సుందరం అని కదులుతుంది. లాటిన్‌దీ అదే పద్ధతి.

నాకు మరీ ఇష్టమైన సంగతి, వాండా అన్నది మన దేశపు మాటే. సంస్కృతంలో ‘వందా’ అంటే చెట్టు మీద పెరిగే మొక్క. ఆకారాంత స్త్రీలింగం, రమా శబ్దం లాగా. లాటిన్‌లోకి వెళ్ళాక కూడా స్త్రీలింగంగానే ఉంది. టెసెల్లాటా అంటే గళ్ళు గళ్ళుగా ఉన్నది. మీ పిల్లల్ని చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి గళ్ళచీరలాంటి ఆ రేకును, నీలి ఊదా పెదవిని చూపించండి. తెంపకుండా వాసన చూడమనండి. ఇంటికి తెచ్చుకోవాలని ఎవరైనా అంటే వద్దని చెప్పండి. అడవి మొక్క అడవిలోనే ఉండాలి. నర్సరీల్లో పెంచినవి దొరుకుతున్నాయి.

ప్రశ్న: మాది బీచ్ రోడ్డులో ఫ్లాటు. కుండీ అంచుల మీద తెల్లటి పొర కడుతోంది, ఆకుల కొసలు నల్లబడుతున్నాయి.
– ఒక పాఠకుడు

జవాబు: అది ఉప్పు. బోరు నీళ్ళు మానెయ్యండి, వాన నీళ్ళు డ్రమ్ములో పట్టుకుని వాడండి. లేకపోతే ఆర్‌ఓ నీళ్ళు. నెలకోసారి ఎరువు లేని నీళ్ళు కుండీ అడుగు నుంచి ధారగా కారేలా బాగా పొయ్యండి. సముద్రపు గాలి నేరుగా తగిలితే ఆకుల్ని కూడా మంచినీళ్ళతో కడగాలి, పొద్దున పూటే.

ప్రశ్న: టీచర్‌గారూ, ‘పాటింగ్ మిక్స్’కి తెలుగు మాట కనిపెట్టి రాయమని మా తెలుగు మాస్టారు హోంవర్క్ ఇచ్చారు. ఏం రాయను?
– ఎనిమిదో తరగతి విద్యార్థిని, అక్కయ్యపాలెం

జవాబు: ఎంత మంచి హోంవర్క్ ఇచ్చారమ్మా మీ మాస్టారు! ‘కుండీ మిశ్రమం’ అని రాస్తే తప్పు కాదు, కానీ అది ఏం పని చేస్తుందో ఆ మాట చెప్పదు. ఆర్కిడ్డు దాన్ని తినదు, పట్టుకుని నిలబడుతుంది. నేనైతే ‘ఆసరా’ అంటాను. మా ఇంట్లో "ఆదివారం ఆసరా మార్చాలి, బొగ్గు తెప్పించు" అంటే ఇంట్లో పని చెయ్యడానికి వచ్చే అమ్మాయికి కూడా వెంటనే అర్థమవుతుంది. నీకు ఇంకో మాట తోస్తే అదే రాయి, నాకు కూడా ఒక కార్డు ముక్క రాయి. నువ్వు ఏ మాట పెట్టినా అందులో ‘మట్టి’ అన్న రెండక్షరాలు మాత్రం రానివ్వకు.