మెనోపాజ్ తర్వాత మరక కనిపిస్తే వేడి చేసిందని ఊరుకోకండి

అమ్మకు 56 ఏళ్లు, నెలసరి ఆగి ఐదేళ్లయింది, పోయిన వారం మళ్ళీ కొంచెం రక్తం కనిపించింది, వేడి చేసిందంటోంది, డాక్టర్‌కు చూపించాలా అని అడిగారు. చూపించాలి. ఈ వారంలోనే తీసుకెళ్లండి.

నేనూ వేడే అనుకున్నాను. మాది మలక్‌పేట. నెలసరి ఆగిన నాలుగేళ్లకు, మే నెల ఎండల్లో, చీరకు చిన్న మరక అయింది. మజ్జిగ, సబ్జా నీళ్లు తాగుతూ రెండు నెలలు గడిపేశాను. ఈ వయసులో ఇదేమిటని సిగ్గు, ఎవరికీ చెప్పలేదు. రెండోసారి మా కోడలు చూసి గట్టిగా అడిగితేగానీ నోరు విప్పలేదు.

మొదట వెళ్లిన క్లినిక్‌లో స్కాన్ కూడా చేయకుండా "ఇక గర్భసంచితో పనేముంది, తీసేద్దాం" అన్నారు. భయంతో సరేననబోయాను, కోడలు ఆపింది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశం మొత్తంలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉంది. అవసరమైతే తీయించుకోవాల్సిందే, కానీ కారణం తేలాకే.

రెండో డాక్టరమ్మ ట్రాన్స్‌వజైనల్ స్కాన్, అంటే యోని ద్వారా లోపల చూసే స్కాన్, రాశారు. మెనోపాజ్ అయ్యాక గర్భసంచి లోపలి పొర 4 మిల్లీమీటర్లలోపు ఉంటే క్యాన్సర్ భయం చాలా తక్కువట. నాకు 11 వచ్చింది. సన్నటి కెమెరా పంపి చూస్తే పాలిప్, అంటే లోపలి పొర మీద పెరిగిన చిన్న కండ, ఉంది. దాన్ని తీసి బయాప్సీకి పంపారు. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చేశాను. రిపోర్టు వచ్చేదాకా ఆ వారం రోజుల టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు. క్యాన్సర్ కాదని తేలింది.

మీ అమ్మగారికి కూడా కాకపోవచ్చు. ఇలా రక్తం కనిపించిన పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి పాలిప్, పొర పలచబడటం లాంటివే కారణం. కానీ ఆ పదో మనిషి ఎవరో పరీక్ష చేయకుండా ఎవరూ చెప్పలేరు. గర్భసంచి క్యాన్సర్ చాలామందిలో మొదట బయటపడేది ఈ మరకతోనే, అప్పుడే పట్టుకుంటే చాలావరకు నయమవుతుంది.

ఖర్చు ఇబ్బందైతే హైదరాబాద్‌లో గాంధీ లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో గైనిక్ విభాగాలున్నాయి. వెళ్లేటప్పుడు అమ్మగారు వాడే మందులన్నీ సంచిలో వేసుకెళ్లండి. రక్తం పలచబడే మాత్రలు, రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామోక్సిఫెన్ వాడుతుంటే డాక్టర్‌కు ముందే చెప్పండి. మరక ఏ రోజు, ఎంత కనిపించిందో కాగితం మీద రాసుకోండి, అక్కడ కూర్చున్నాక సిగ్గుతో సగం మాటలు మింగేస్తాం.