సముద్రపు గాలిని కొలవబోతున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులతో వ్రాయునది.

మన్నార్ సింధుశాఖలో తేలే లైడార్‌ను, అంటే లేజర్ కాంతితో గాలి వేగాన్ని కొలిచే పరికరాన్ని బోయ అనే తేలే తెప్ప మీద పెట్టి, దింపబోయే బృందంలో నీకు ఉద్యోగం వచ్చిందని మీ నాన్న చెప్పినప్పటి నుంచి, నేను చేసిన పొరపాట్లు నీకు ఎదురు కాకుండా ఏమేమి చెప్పాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను. 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం గుజరాత్, తమిళనాడు తీరాల్లో చెరి 500 మెగావాట్ల పవన విద్యుత్తుకు ఆర్థిక సాయాన్ని ఆమోదించింది కాబట్టి, ఆ నీళ్ల మీద గాలి ఎంతుందన్న ప్రశ్నకు ఇప్పుడు చాలా డబ్బు ముడిపడి ఉంది. గాలిలోని శక్తి వేగపు ఘనాన్ని బట్టి మారుతుంది గనుక, వేగంలో 3 శాతం తప్పు జరిగితే శక్తి అంచనాలో సుమారు 9 శాతం తప్పు వస్తుంది.

తిరుపతి దగ్గరి గాదంకి వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో రాత్రిపూట ఆకాశంలోకి నిటారుగా లేచే పచ్చని లేజర్ గీతను నువ్వు చూసే ఉంటావు. నీ పరికరంలోని కిరణం మాత్రం కంటికి కనిపించదు, ఎందుకంటే దాని తరంగదైర్ఘ్యం సుమారు 1.5 మైక్రాన్లు. అది గాలిని నేరుగా చూడదు. గాలితో పాటు కొట్టుకుపోయే ఉప్పు రేణువుల మీద, ధూళి మీద పడి వెనక్కి వచ్చిన కాంతిలో డాప్లర్ మార్పును, అంటే ఆ రేణువుల కదలిక వల్ల కాంతి కంపనాల సంఖ్యలో వచ్చే తేడాను, పట్టుకుంటుంది. సెకనుకు 193 లక్షల కోట్ల సార్లు కంపించే కాంతిలో, కిరణం దిశలో సెకనుకు 1 మీటరు వేగానికి వచ్చే తేడా సుమారు 13 లక్షల కంపనాలు మాత్రమే. కిరణాలు నిట్టనిలువుకు 28 డిగ్రీల వాలులో వెళ్లే పరికరమైతే, 100 మీటర్ల ఎత్తున అది కొలిచేది ఒక బిందువును కాదు, సుమారు 106 మీటర్ల వ్యాసమున్న వలయాన్ని. ఆ వలయమంతటా గాలి ఒకేలా ఉందని పరికరం అనుకుంటుంది. కొండల నడుమ ఆ ఊహ దెబ్బతింటుంది కానీ, తెరిపి సముద్రం మీద చాలావరకు నిలుస్తుంది.

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది, డేటా లేని గంటల గురించి. గాలిలో రేణువులు తగ్గితే తిరిగి వచ్చే కాంతి బలహీనపడుతుంది, పరికరం ఆ పది నిమిషాల సగటు అంకెను వదిలేస్తుంది, పై ఎత్తుల్లో మరీ ఎక్కువగా వదిలేస్తుంది. భారీ వాన గాలిని కడిగేసిన తరువాత, దిగువ మేఘం కమ్మినప్పుడు, అలలు నురగ కట్టనంత నెమ్మదిగా గాలి వీచినప్పుడు ఖాళీలు రావచ్చు. అంటే ఆ ఖాళీలు చెదురుమదురుగా పడినవి కావు, ఒక రకం వాతావరణానికి చెందినవి. మిగిలిన గంటలకు సగటు తీసి అదే ఏడాది సగటని రాసేస్తే, నీకు తెలియకుండానే ఆ వాతావరణాన్ని లెక్క నుంచి తీసేసినట్టవుతుంది. అందువల్ల ప్రతి నెలా ఖాళీ గంటలను విడిగా తీసి, ఆ గంటలకు ఈఆర్ఏ5 పునర్విశ్లేషణ (పాత పరిశీలనలను కంప్యూటర్ నమూనాతో కలిపి గంట గంటకూ తిరిగి లెక్కగట్టిన వాతావరణ చిత్రం) ఎంత వేగం చూపుతోందో పక్కన పెట్టి చూడు. ఆ పునర్విశ్లేషణ గడి సుమారు 31 కిలోమీటర్లది కాబట్టి దాని అంకెను నీ అంకెకు బదులుగా వాడకు. ఏ గాలి తప్పిపోతోందో తెలుసుకోవడానికి అది చాలు.

కిరణం బయటికి వచ్చే గాజు కిటికీని చిన్నచూపు చూడవద్దు. తుంపరలు ఎండగానే దాని మీద ఉప్పు తెల్లని పొరలా పేరుకుంటుంది, పక్షుల రెట్ట దాని మీద గట్టిపడుతుంది. పడవలో వెళ్లినవాళ్లు ఆత్రంలో పొడిగుడ్డతో రుద్దితే ఉప్పు పలుకులే గాజును గీస్తాయి; ముందుగా మంచినీళ్లు ధారాళంగా పోసి, ఉప్పు కరిగాక మెత్తని గుడ్డతో అద్దమని చెప్పు. వైపర్‌కు నీళ్లిచ్చే తొట్టి ఎంత నిండి ఉందో ప్రతి రాకపోకలో రాయించు.

మన దేశంలో తొలి సముద్ర లైడార్‌ను జాతీయ పవనశక్తి సంస్థ 2017 నవంబర్‌లో ఖంభాత్ సింధుశాఖలో కదలని వేదిక మీద పెట్టింది. నీది తేలుతుంది, అక్కడే చిక్కు. పది నిమిషాల సగటు వేగం మీద అలల ఊపు ప్రభావం స్వల్పమే గానీ, బోయ ఊగిసలాట గాలి ఒడిదుడుకుల్లో కలిసిపోయి, టర్బులెన్స్, అంటే గాలి అల్లకల్లోలం, ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. దానిని సరిదిద్దకుండా టర్బైన్ ఎంపిక చేసేవారికి ఇవ్వకు. దిశ విషయంలో నా పొరపాటు ఒకటి చెబుతాను. ఒక పనిలో దిక్సూచిని ఒడ్డున సరిచూసి, ఆ తరువాత దాని పక్కనే ఇనుప పెట్టెలో బ్యాటరీలు బిగించాము. నెలల తరబడి గాలి దిశ పది డిగ్రీలకు పైగా తప్పుగా నమోదైంది, ఏ దిక్కు నుంచి ఎంత గాలి వీస్తుందో చూపుతూ టర్బైన్ల వరుసల దిశను నిర్ణయించే గాలి గులాబీ పటం మొత్తం తిరిగిపోయింది. సామానంతా బిగించాకే దిక్సూచిని సరిచూడు. వీలైతే రెండు యాంటెన్నాల జీపీఎస్‌తో దిశ తీసుకో. లైడార్ గడియారం యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలోనూ, దానితో పోల్చే, గాలి కొలిచే సాధనాలు బిగించిన స్తంభం గడియారం మన సమయంలోనూ ఉంటే అయిదున్నర గంటల తేడా వస్తుందని మొదటి రోజే గుర్తుచేసుకో.

బోయను దింపే ముందూ, పైకి తీసిన తరువాతా, నమ్మదగిన స్తంభం పక్కన గానీ, సరిచూసిన మరో లైడార్ పక్కన గానీ కొన్ని వారాలు నడిపి పోల్చాలి. తేలే లైడార్ల కోసం బ్రిటన్‌లోని కార్బన్ ట్రస్ట్ సంస్థ ఇచ్చిన మార్గసూచిలో ఉత్తమ ప్రమాణం ప్రకారం, రెండు పరికరాల సగటు వేగాలను ఒకదానికెదురుగా ఒకటి గీసినప్పుడు వచ్చే రేఖ వాలు 0.98 నుంచి 1.02 మధ్య ఉండాలి. ఒకే వాలుతో తృప్తిపడక, వేగాల వారీగా, దిశల వారీగా, అల ఎత్తుల వారీగా విడగొట్టి చూడు. స్తంభం గాలికి అడ్డుపడే దిశలను ముందుగానే తీసివేయి. కనీసం ఏడాది కొలవకుండా, నైరుతి గాలులు బలంగా వీచే నెలలతోనే తీర్పు చెప్పమని ఎవరు తొందరపెట్టినా ఒప్పుకోకు.

ఒడ్డున పోలిక పూర్తి కాగానే, వడకట్టని పది నిమిషాల ఫైళ్లనూ, ఎవరు ఎప్పుడు కిటికీ తుడిచారో రాసిన పుస్తకం నకలునూ నాకు పంపించు. ఖాళీ గంటల నుంచే చూడడం మొదలుపెడతాను.

ఇట్లు,
మీ పెదనాన్న