నల్ల ముసుగులు తీసెయ్

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. 1388 నాటి ఇంగ్లండ్, నార్ఫోక్‌లో ఒక సోదరసంఘం. మంచి చోటే ఎంచుకున్నావు. కానీ ఈ నల్ల ముసుగులు, నేలమాళిగ, నెత్తుటి ప్రమాణాలు ఎక్కడివి? ఆ సంఘాల్లో ఎక్కువమంది పెళ్లాం పిల్లలున్న నేతగాళ్లు, వడ్రంగులు, చిన్న వర్తకులు. ఆడవాళ్లూ సభ్యులే. ఒక క్రైస్తవ పునీతుణ్ణి (సెయింట్‌ను) అండగా నమ్ముకుని, తలా ఇంత వేసుకుని, చర్చిలో ఆయన స్వరూపం ముందు మైనపు వత్తులు వెలిగించుకునేవాళ్లు.

నీకు కావలసిన టెన్షన్ వాళ్ల నియమాల్లోనే ఉంది. ప్రతి సంఘమూ తన పుట్టుక, నియమాలు, ఆస్తి వివరాలు రాసి పంపాలని 1388లో రెండో రిచర్డ్ ప్రభుత్వం ఆదేశించింది. అలా వచ్చిన జవాబులు దాదాపు 500 ఇప్పటికీ ఉన్నాయి. అవి చదువు. సభ్యుడు పోతే మిగతావాళ్లు అంత్యక్రియలకు రావాలి. రాకపోతే జరిమానా, చాలాచోట్ల మైనం రూపంలో. విందులో పోట్లాడినా, సంఘం గుట్టు బయటపెట్టినా అంతే. అగ్గిపాలైనవాడికో, దొంగల పాలైనవాడికో వారానికి కొన్ని పెన్నీలు ఇస్తారు. తన చేజేతులా చెడినవాడికి మాత్రం ఇవ్వకూడదని కొన్ని సంఘాలు ముందే రాసుకున్నాయి.

నీ కథ అక్కడుంది. ఆ నేతగాడి ఇల్లు ఊరికే అంటుకుందా, తాగి వచ్చి దీపం తన్నేశాడా? తేల్చాల్సింది విందులో అతని పక్కన కూర్చునేవాళ్లే.

ఇంకోటి, చావు గురించి వాళ్ల భయం రాయకపోతే ఈ జరిమానాలు పాఠకుడికి పిచ్చిగా కనిపిస్తాయి. ఉత్తరించు స్థలంలో, అంటే చనిపోయాక పాపాలు కడుక్కునే చోట, ఆత్మ పడే బాధను బతికున్నవాళ్ల ప్రార్థనలు తగ్గిస్తాయని నమ్మారు. డబ్బున్నవాడు తన ఆత్మ కోసం పూజలు చేయించడానికి సొంతంగా చర్చి గురువును (ప్రీస్టును) పెట్టుకునేవాడు. లేనివాడికి సంఘమే దిక్కు.

ఇటలీలోని ఫ్లారెన్స్ జోలికి మాత్రం పోకు. 1348 ప్లేగులో చనిపోయినవాళ్ల వీలునామాలతో అక్కడి ఓర్సాన్‌మికేలే సంఘానికి డబ్బు గుట్టలుగా వచ్చిపడింది. అది వేరే నవల.

చివర్లో 1547కు దూకావు. ఆరో ఎడ్వర్డ్ కాలంలో చట్టం చేసి ఈ సంఘాల ఆస్తులు లాక్కున్న మాట నిజమే. కానీ అప్పటికి నీ నేతగాడు పోయి వందేళ్లు దాటింది, ఆ అధ్యాయం కొట్టెయ్. పెన్నీలు ఇవ్వాలా వద్దా అన్నది తేలగానే ఆపు.

అన్నట్టు, విందులో బంగాళదుంపలు వడ్డించావు. అవి యూరప్‌కు రావడానికి ఇంకా దాదాపు రెండు వందల ఏళ్లు పడుతుంది. రొట్టె, బార్లీ బీరు పెట్టు.

మాస్టారు