2019లో అమెరికా బేస్‌బాల్ జట్టు వాషింగ్టన్ నేషనల్స్ అంత ఘోరంగా మొదలుపెట్టి వరల్డ్ సిరీస్, అంటే లీగ్ ఫైనల్, ఎలా గెలిచింది?

ముఖ్య కారణం స్టార్టింగ్ పిచర్లు, అంటే మ్యాచ్ మొదటి నుంచి బంతి విసిరేవాళ్లే. తొలి 50 మ్యాచ్‌ల్లో 31 ఓడారు. స్టార్ బ్యాటర్ బ్రైస్ హార్పర్ అప్పటికే ఫిలడెల్ఫియాకు వెళ్లిపోయాడు. బుల్‌పెన్, అంటే మధ్యలో, చివర్లో దిగే పిచర్లు, చేతికొచ్చిన మ్యాచ్‌లు కూడా పోగొట్టేవాళ్లు. స్టార్టింగ్ పిచర్లు షెర్జర్, స్ట్రాస్‌బర్గ్, కార్బిన్ మాత్రం జట్టును నిలబెట్టారు. చివరికి 93 విజయాలు.

అదృష్టం లేదని కాదు. మిల్వాకీతో వైల్డ్ కార్డ్ మ్యాచ్‌లో, అంటే ఓడితే ఇంటికెళ్లే ఒకే ఒక్క మ్యాచ్‌లో, 1-3తో వెనకబడి, తొమ్మిదింటిలో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఇక ఇంటికే అనుకున్నారు. హువాన్ సోటో కొట్టిన బంతి ఫీల్డర్‌ను దాటిపోయింది, బేస్‌ల మీదున్న ముగ్గురూ హోమ్‌కు చేరి పరుగులు తెచ్చారు. 4-3.

ఫైనల్లో ఇంకో విచిత్రం: హ్యూస్టన్‌తో ఆడిన ఏడు మ్యాచ్‌లూ బయటి జట్టే గెలిచింది. సొంత మైదానంలో మూడూ ఓడి కప్పు కొట్టారు! ఏడో మ్యాచ్‌లో ఆధిక్యం తెచ్చిన హోవీ కెండ్రిక్ హోమ్ రన్ ఫౌల్ పోల్‌కే, అంటే మైదానం హద్దు చూపే స్తంభానికే, తగిలింది.