‘ఒక సూదేసి పంపియ్యుండ్రి’ అంటున్నాడు మా బాపు.. ఏం చేయాలి డాక్టర్?

ప్రశ్న: మా బాపుకు 69 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్, ఎముకలకు పాకింది. ఇక కీమో పని చేయదు, ఇంటికి తీసుకెళ్లండి అన్నారు హైదరాబాద్ డాక్టర్లు. రాత్రంతా నడుము నొప్పితో మూలుగుతూనే ఉంటాడు. ‘ఒక సూదేసి పంపియ్యుండ్రి నన్ను’ అని రోజూ అడుగుతున్నాడు. అమెరికాలో ఉన్న తమ్ముడేమో ఐసీయూలో చేర్పించు, అవసరమైతే వెంటిలేటర్ పెట్టించు, డబ్బు నేను పంపిస్తా అంటున్నాడు. బాపు అడిగింది చేయడానికి మన చట్టం ఒప్పుకుంటుందా? చేస్తే పాపమా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: సూటిగా చెప్తాను. ప్రాణం తీసే ఇంజెక్షన్ మన దేశంలో ఏ డాక్టరూ ఇవ్వకూడదు. పేషెంట్ అడిగినా, ఇంటిల్లిపాదీ సంతకాలు పెట్టినా అది నేరమే. చావడానికి మందు రాసిచ్చి మీరే మింగండి అనడమూ నేరమే.

చట్టం సంగతి కాసేపు పక్కన పెట్టండి. రాత్రంతా మూలుగుతున్నాడని రాశారు, నొప్పికి ఏం వాడుతున్నారో రాయలేదు. ఎముకలకు పాకిన క్యాన్సర్ నొప్పి పారాసిటమాల్‌తోనో ట్రామడాల్‌తోనో ఆగే రకం కాదు, దానికి చాలాసార్లు మార్ఫిన్ కావాలి. నోటితో వేసుకునే బిళ్ల అది, ఖరీదైనదేమీ కాదు. ‘అలవాటైపోతుంది’, ‘అది ఇచ్చారంటే ఇక రోజులు దగ్గరపడ్డట్టే’ అని భయపడి చాలా ఇళ్లలో వద్దంటారు. నొప్పికి సరిపడా, తక్కువ డోసుతో మొదలుపెట్టి చూసుకుంటూ పెంచితే మార్ఫిన్ మనిషిని చంపదు. ఇది కాక, ఎముక నొప్పికి రేడియేషన్ ఉంది, చాలామందికి ఒక్క సిట్టింగ్ సరిపోతుంది, ఫలితం కనిపించడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఇంకో ముఖ్యమైన మాట: ఆయన కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా ఒక్క రోజు కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, వెన్నుపాము మీద గడ్డ ఒత్తిడి పడుతోందేమో చూడాలి.

మార్ఫిన్ తయారయ్యేది నల్లమందు నుంచే, దాన్ని లైసెన్సు మీద పండించే దేశం మనది. అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం భయంతో ఆసుపత్రులు మార్ఫిన్ జోలికే వెళ్లేవి కావు. 2014లో చట్టాన్ని సవరించి సులువు చేసినా పరిస్థితి మారిన చోట్లు తక్కువే. నాకు కోపం వచ్చేది ఇక్కడే. నొప్పికి మందు అందని మనిషి చావు కావాలని అడిగితే అది ఆయన స్వేచ్ఛగా కోరుకున్నదని నేనెలా అనుకోవాలి?

కారుణ్య మరణం, అంటే పేషెంట్ అడిగితే డాక్టర్ సాయంతో ప్రాణం పోయేలా చేయడం, దీని మీద నా అభిప్రాయం కూడా ఇక్కడి నుంచే వచ్చింది. నెదర్లాండ్స్, బెల్జియం 2002లో దీన్ని చట్టబద్ధం చేశాయి. కెనడా 2016లో చేసింది. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో 1997 నుంచి, ఆరు నెలలకు మించి బతకరని ఇద్దరు డాక్టర్లు నిర్ధారించిన పేషెంట్‌కి మందు రాసిస్తారు, తాగేది మాత్రం పేషెంటే. దీన్ని సమర్థించేవాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. వెంటిలేటర్ తీసేస్తే రెండు రోజులకు పోతాడు, ఇంజెక్షన్ ఇస్తే రెండు నిమిషాల్లో పోతాడు, మొదటిదాన్ని ఒప్పుకుని రెండోదాన్ని కాదనడంలో దయ ఎక్కడుంది అని అడుగుతారు. నా దగ్గర దీనికి పూర్తి సమాధానం లేదు. కానీ మన ఇళ్ల సంగతి నాకు తెలుసు. పొలం తాకట్టు పెట్టి బిల్లు కట్టే ఇంట్లో పెద్దాయన ‘మీకు భారమైపోయాను’ అంటాడు, కోడలి ముఖం చూసి ఒకసారి, మనవడి కాలేజీ ఫీజు గుర్తొచ్చి ఒకసారి. అలాంటి చోట ఇంజెక్షన్ చట్టబద్ధమైతే దాన్ని అడగడం ఆయనకు హక్కుగా ఉండదు, బాధ్యతగా మారుతుంది. అందుకే ఇప్పుడున్న పరిస్థితుల్లో నేను దానికి వ్యతిరేకిని.

అయితే నొప్పి తగ్గితే అందరిలో ఆ కోరిక పోతుందని చెప్పను. ఓరెగాన్‌లో మందు అడిగినవాళ్లు చెప్పిన కారణాల్లో నొప్పి ముందు వరుసలో లేదు. తన బతుకు తన చేతిలో లేకుండా పోవడం, గౌరవం పోవడం, ఇష్టమైన పనులు చేసుకోలేకపోవడం, ఇవే ముందున్నాయి. ఇంకో సంగతి, అక్కడ మందు తెచ్చుకున్నవాళ్లలో కొందరు వాడకుండానే జబ్బుతో పోతున్నారు. కావాలంటే ఉంది అన్న ధీమాయే వాళ్లకు సరిపోయిందని నాకనిపిస్తుంది. మీ బాపును కూడా కూర్చోబెట్టి అడగండి, ఎందుకలా అంటున్నావు అని. నొప్పా, మంచంలోనే అన్నీ చేయించుకోవాల్సి రావడమా, ఖర్చా, గొట్టాలు పెట్టి ఐసీయూలో వదిలేస్తారన్న భయమా? జవాబును బట్టి మనం చేసేది మారుతుంది. నిద్ర, మాట, ఆసక్తి అన్నీ తగ్గిపోయి ఉంటే డిప్రెషన్ కావచ్చు, ఈ దశలో కూడా దానికి చికిత్స ఉంది. ఇంట్లో మాత్రలు ఆయన చేతికి అందకుండా మీరే దాచి, వేళకు ఇవ్వండి. రాత్రిపూట ఆ మాటలు ఎక్కువై మీకు భయమేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇక వెంటిలేటర్. ఇందులో చట్టం మీ బాపు వైపే ఉంది. 1973లో ముంబై కేఈఎం ఆసుపత్రిలో దాడికి గురై దశాబ్దాల పాటు మంచంలోనే ఉండిపోయిన నర్సు అరుణ షాన్‌బాగ్ కేసులో సుప్రీంకోర్టు 2011లో మొదటిసారి, బతికించి ఉంచే చికిత్సను కొన్ని షరతులతో ఆపొచ్చని చెప్పింది. ఆమె విషయంలో మాత్రం ఆపనివ్వలేదు, అన్నేళ్లుగా ఆమెను సాకిన ఆ ఆసుపత్రి నర్సులు వద్దన్నారు. 2015లో ఆమె న్యుమోనియాతో పోయారు. తర్వాత 2018 మార్చి 9న ఐదుగురు జడ్జిల ధర్మాసనం గౌరవంగా మరణించడం కూడా జీవించే హక్కులో భాగమేనంది. తెలివి బాగున్న మనిషి ఏ చికిత్సనైనా వద్దనొచ్చు. తెలివి పోయాక ఏం చేయాలో ముందే రాసి ఉంచే లివింగ్ విల్‌కూ అప్పుడే గుర్తింపు వచ్చింది. మొదట్లో దానికి మేజిస్ట్రేటు సంతకం కావాల్సి వచ్చేది, 2023 జనవరిలో సులువు చేశారు. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీ దగ్గరో గెజిటెడ్ ఆఫీసర్ దగ్గరో ధ్రువీకరించుకుంటే చాలు. తన తరఫున మాట్లాడేదెవరో అందులో పేరు రాయాలి. మనసు మారితే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. ఆసుపత్రిలో చికిత్స ఆపే ముందు రెండు మెడికల్ బోర్డులు చూసి ఒప్పుకోవాలి, కాబట్టి ఎవరో ఒకరు తొందరపడి తేల్చేయలేరు. మీ బాపుకు తెలివి బాగున్నప్పుడే, అంటే ఈ వారమే, ఆ కాగితం రాయించండి.

పాపమా అని అడిగారు. నేను పండితుణ్ణి కాదు, డాక్టర్‌గా చెప్తాను. వెంటిలేటర్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌ని తగ్గించదు. అది పెట్టొద్దనడం ఆయన్ని చంపడం కాదు, ప్రాణం తీసేది జబ్బు. దూరంగా ఉన్న కొడుకుకు ఏదో ఒకటి చేయాలనిపించడం సహజం, తమ్ముణ్ని తప్పు పట్టకండి. వీడియో కాల్‌లో వైద్యం చేస్తున్న డాక్టర్‌తో మాట్లాడించండి, వీలైతే బాపు చేతే చెప్పించండి. తమ్ముడు పంపే డబ్బు ఐసీయూకి కాకుండా ఇంట్లో నర్సుకు, వాటర్ బెడ్‌కు, తను వచ్చి చూసిపోయే టికెట్టుకు పనికొస్తుంది.

రేపే చేయాల్సింది ఒకటే. రిపోర్టులన్నీ తీసుకుని మీ జిల్లా ప్రభుత్వాసుపత్రిలో పాలియేటివ్ కేర్ (జబ్బు నయం కాకపోయినా నొప్పి, బాధ తగ్గించే వైద్యం) విభాగాన్ని అడగండి, తెలంగాణలో చాలా జిల్లాల్లో ఈ సేవ ఉంది, లేవలేని పేషెంట్ల ఇంటికి టీమ్ వస్తుంది కూడా. అక్కడ కుదరకపోతే హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. మార్ఫిన్ మొదలుపెట్టిన రోజు నుంచే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా రాయించుకోండి, అది మర్చిపోతే మలబద్ధకంతో ఇంకో బాధ మొదలవుతుంది. మొదటి రెండు మూడు రోజులు కాస్త మగతగా, వికారంగా ఉంటే కంగారుపడి ఆపేయకండి, డాక్టర్‌కి ఫోన్ చేయండి. లేపినా లేవనంత మత్తుగా ఉన్నా, ఊపిరి బాగా నెమ్మదించినా మాత్రం తర్వాతి డోసు ఇవ్వకుండా వెంటనే ఆసుపత్రికి చెప్పండి.