నంబరు అసలుదే, కార్డు మాత్రం కాదు

గత నెల నగరంలో పాత నాణేలు, స్టాంపులు, క్రీడాకారుల కార్డులు సేకరించేవాళ్ళ ప్రదర్శన జరిగింది. అప్పట్నుంచి నాకు వస్తున్న ఉత్తరాలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. పేట మారుతోంది, కార్డు మీద ఆటగాడు మారుతున్నాడు, పోయిన సొమ్ము మారుతోంది. జరిగింది మాత్రం ఒకటే, అసలుదనుకుని నకిలీ కార్డు కొనడం. అందుకే ఈసారి ప్రింటర్ల, రౌటర్ల ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబు రాస్తున్నాను.

సందేహం: ప్రదర్శనలో సచిన్ తొలినాళ్ళ కార్డు ఒకటి 18 వేలకు కొన్నాను. గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఉంది. పైన అమెరికా గ్రేడింగ్ సంస్థ (కార్డు అసలుదో కాదో, ఎంత బాగుందో చూసి పదికి అంకె వేసేది) లేబులు, 9 గ్రేడు. లేబులు మీది క్యూఆర్ స్కాన్ చేస్తే సంస్థ వెబ్‌సైటు తెరుచుకుంది. అదే నంబరు, అదే బొమ్మ, అదే గ్రేడు. ఇంటికొచ్చాక మా అబ్బాయి చూసి నకిలీదంటున్నాడు. సైటులో అంత స్పష్టంగా ఉంటే నకిలీ ఎలా అవుతుంది?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మీ అబ్బాయి మాటే నిజం కావచ్చు. మీరు స్కాన్ చేసింది అమ్మేవాడి చేతిలో ఉన్న లేబులు. సరుకు అసలుదేనా అని అతన్నే అడిగారు, అతను వేలు చూపించిన వైపే చూశారు, సరే అనుకుని డబ్బు కట్టారు. నాకు రాసినవాళ్ళంతా చేసింది ఇదే. క్యూఆర్ కనబడగానే ఫోను తీయడం మనకు టీకొట్టు దగ్గర అలవాటైంది. పది రూపాయల టీకి ఆ అలవాటుతో వచ్చే నష్టం పదే. 18 వేల కార్డు దగ్గర అదే చెయ్యి అంతే వేగంగా కదలకూడదు.

ఇందులో మోసం రెండు దారుల్లో జరుగుతుంది. మొదటిది తేలికది. ఆ క్యూఆర్ సంస్థ సైటుకు కాకుండా, అచ్చం దానిలాగే తయారుచేసిన ఇంకో సైటుకు తీసుకెళ్తుంది. రంగులు, గుర్తు, వెతికే గడి అన్నీ అవే. దాన్ని పట్టుకోవాలంటే అడ్రసు చదవాలి, అదీ వెనక నుంచి. హెచ్‌టీటీపీఎస్ పక్కనుండే రెండు గీతలు వదిలేయండి. ఆ తర్వాత తగిలే మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగి ఎడమవైపుకు చదవండి. గీతను ఆనుకుని ఉన్న డాట్‌కామ్, దానికి ముందున్న మాట, ఈ రెండూ కలిస్తేనే అసలు చిరునామా. అంతకు ముందు సంస్థ పేరు ఎన్నిసార్లు రాసి ఉన్నా దానికి విలువ లేదు. తాళం గుర్తు ఉంది కదా అని కొందరు రాశారు. మీ ఫోనుకీ ఆ సైటుకీ మధ్య మాటలు మూడోవాడు వినలేడని మాత్రమే ఆ తాళం చెబుతుంది. సైటు నడిపేవాడు దొంగయినా తాళం వస్తుంది.

రెండో దారి నన్ను ఎక్కువ భయపెడుతోంది, ఎందుకంటే అక్కడ సైటు అసలుదే. నంబరూ అసలుదే. ఎక్కడో ఎవరి దగ్గరో ఉన్న నిజమైన కార్డు నంబరును వేలం సైట్లలో పెట్టిన ఫోటో నుంచి ఎత్తేస్తారు. అదే నంబరుతో లేబులు అచ్చు వేసి, నకిలీ పెట్టెలో నకిలీ కార్డు పెట్టి అతికిస్తారు. మీరు సంస్థ సైటులో ఎన్నిసార్లు వెతికినా ‘ఉంది’ అనే వస్తుంది. ఆ నంబరుతో ఒక కార్డు లోకంలో ఉందన్నంతవరకే అది చెప్పగలదు. మీ చేతిలో ఉన్నది అదేనని చెప్పలేదు. ఇంకో రకం కూడా ఉంది. అసలు పెట్టెనే తెరిచి, లోపలి మంచి కార్డు తీసేసి, తక్కువరకం కార్డు పెట్టి మళ్ళీ మూస్తారు.

‘అదే బొమ్మ’ అని మీరు రాసిన చోటే పొరపాటు ఉంది. ఒకే అచ్చులో వచ్చిన కార్డులన్నిటి మీదా అదే బొమ్మ ఉంటుంది. సైటులో ఫోటో ఉంటే చూడాల్సింది ఆటగాణ్ణి కాదు, కార్డు లోపాల్ని. కుడి ఎడమల తెల్ల అంచు ఎంతెంత ఉంది, ఏ మూల కాస్త నలిగింది, అచ్చులో పడ్డ చిన్న సిరాచుక్క ఎక్కడుంది? మనిషి మనిషికీ పుట్టుమచ్చ ఎలాగో కార్డుకు ఇవి అలాగ. తర్వాత పెట్టెను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి అంచు చుట్టూ వేలితో తడమండి. అసలు పెట్టె రెండు ముక్కల్నీ ధ్వని తరంగాలతో కరిగించి అతికిస్తారు, జిగురు ఉండదు. తెరిచి మళ్ళీ మూసిన పెట్టెకు అతుకు వెంట తెల్లగా పొగబట్టినట్టు గీతో, గరుకో కనిపిస్తుంది. ఒక పాఠకురాలు తెచ్చి చూపించిన పెట్టెకు కింది ఎడమ మూలన గోరంత మేర అలాంటి తెలుపు ఉంది. లేబులు మీద ఒక్క తప్పు లేదు. ఆ గోరంత తెలుపే ఆమెకు డబ్బు తిరిగి వచ్చేలా చేసింది.

ఇంతకీ గ్రేడు అన్నది దేవుడి మాట కూడా కాదు. 1909–11 మధ్య అమెరికాలో సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చిన బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లకు అమ్ముడైంది. అదే ఏడు 1952 నాటి ఇంకో బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటిల్ కార్డు 1.26 కోట్ల డాలర్లు పలికింది. ఇంత డబ్బు తిరిగే చోట నలిగిన అంచులు కొత్తగా కనిపించేలా కత్తెర పెట్టేవాడు ఉండకుండా ఉంటాడా? వాగ్నర్ కార్డుల్లోకెల్లా పేరుపడ్డదాని అంచుల్ని తానే కత్తిరించానని ఒక వేలం వ్యాపారి 2013లో అమెరికా కోర్టులో ఒప్పుకున్నాడు. 1991లో మొదలైన ఒక గ్రేడింగ్ సంస్థ మొట్టమొదటి నంబరు ఇచ్చింది ఆ కార్డుకే. మొదటి నంబరు సంగతే అలా ఉంటే, పెట్టె మీద అంకె చూసి కళ్ళు మూసుకోవడం ఎంతవరకు సబబు?

మీ డబ్బు విషయం. యూపీఐలో మీరే పిన్ కొట్టి పంపిన సొమ్మును బ్యాంకు తనంతట తాను వెనక్కి లాగదు. అయినా చేతులు ముడుచుకోవద్దు. చెల్లింపు వివరాల్లోని 12 అంకెల రిఫరెన్స్ నంబరు, పెట్టె నాలుగు వైపుల ఫోటోలు, అమ్మినవాడితో వాట్సాప్ మాటలు దాచుకోండి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది. పెట్టెను మాత్రం తెరవకండి, అదే మీ సాక్ష్యం. ఇకమీద పెద్ద మొత్తాలైతే క్రెడిట్ కార్డు తీసుకునేవాడి దగ్గరే కొనండి. సరుకు నకిలీదైతే బ్యాంకులో అభ్యంతరం చెప్పడానికి అక్కడ ఒక దారంటూ ఉంటుంది.

ఇక్కడ ఫోన్లు తయారుచేసేవాళ్ళతో ఒక మాట. క్యూఆర్ స్కాన్ చేయగానే తెర కింద చిన్న పసుపు ముక్కలో అడ్రసు సగం చూపించి, మిగతాది మూడు చుక్కలతో మింగేస్తున్నారు. మా నాన్నగారి వయసువాళ్ళు అక్షరాలు పెద్దవి చేసుకుంటే ఆ సగం కూడా కనిపించదు. కొన్ని యాప్‌లైతే అడగనైనా అడగకుండా నేరుగా పేజీ తెరుస్తున్నాయి. బ్రౌజర్లో పైకి జరిపితే అడ్రసు గీత మాయమవుతుంది. మనిషి తనను తాను కాపాడుకోడానికి చదవాల్సింది ఆ ఒక్క గీత. అందం కోసం దాన్నే దాచేశారు. ప్రతి అప్‌డేట్‌కీ కొత్త ఎమోజీలు వస్తున్నాయి. పూర్తి అడ్రసు పెద్ద అక్షరాల్లో చూపించి ‘ఇక్కడికి వెళ్ళాలా?’ అని అడగడం అంత కష్టమైన పనా? ఏళ్ళ తరబడి అడుగుతున్నాను.

సందేహం: మా ఫోనులో 108 మెగాపిక్సెళ్ళ కెమెరా ఉంది. కార్డు మీద అచ్చు చుక్కలు దగ్గరగా చూస్తే అసలుదో కాదో తెలుస్తుందట కదా. జూమ్ చేస్తే మైనంలా నున్నగా వస్తోంది. సెట్టింగు ఏమైనా మార్చాలా?
– ఒక పాఠకురాలు, ద్వారకా నగర్

జవాబు: సెట్టింగు ఎంత మార్చినా ఆ పనికి ఫోనును నమ్మకండి. జూమ్ చేసినప్పుడు మీరు చూస్తున్నది కెమెరాకు కనబడింది కాదు. కనబడని చోట ఏముండొచ్చో ఊహించి సాఫ్ట్‌వేర్ నింపిన బొమ్మ. చర్మం మీద మచ్చల్ని తుడిచే ఆ తెలివే అచ్చు చుక్కల్నీ తుడిచేస్తుంది. కురుపాం మార్కెట్లో నగల పనివాళ్ళు కంటికి పెట్టుకునే పది రెట్ల లెన్సు కొనుక్కోండి. దానికి చార్జింగూ అక్కర్లేదు, అప్‌డేటూ రాదు.

లెన్సులోంచి ముందు నల్ల అక్షరాలు చూడండి. అసలు అచ్చులో ఆటగాడి పేరు నిండు నలుపుగా, అంచులు కోసినట్టుగా ఉంటుంది. ఫోటో భాగం మాత్రమే రంగు చుక్కలతో, చిన్న పువ్వుల్లా అల్లుకుని కనిపిస్తుంది. స్కాన్ చేసి వేసిన నకిలీలో అక్షరాలు కూడా చుక్కలుగా విడిపోతాయి. నీలిదీపం (యూవీ లైటు) కింద పెట్టి చూడమని చెప్పేవాళ్ళుంటారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కాగితంలో తెలుపు పెంచే రసాయనాలు కలిపేవారు కాదు కాబట్టి, వందేళ్ళ కిందటి క్రికెటర్ రంజిత్‌సింహ్‌జీ కాలపు సిగరెట్ కార్డని అమ్మజూపింది ఆ దీపం కింద నీలంగా మెరిస్తే వదిలేసి రండి. తొంభైల నాటి క్రికెట్ కార్డులకు ఆ పరీక్ష పనికిరాదు, అవి అసలువైనా మెరవచ్చు.

సందేహం: 2005 ఏప్రిల్ 5న మన పీఎం పాలెం స్టేడియంలో ధోని పాకిస్తాన్ మీద 148 కొట్టిన మ్యాచ్ టికెట్టు, దాంతోపాటు పాత కార్డులు ఉన్నాయని ప్రదర్శనలో కలిసిన ఒకాయన వాట్సాప్‌లో పంపాడు. ఫోటోలు, ధరలు చూడాలంటే ఒక ఫైలు ఇన్‌స్టాల్ చేసుకోమన్నాడు. చేశాను, ఏమీ తెరుచుకోలేదు. ఫోను పాడైందా?
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: తమ్ముడూ, ఇది చదువుతున్న క్షణమే ఫోనులో డేటా, వైఫై రెండూ ఆపెయ్. తెరుచుకోలేదంటే పని చేయలేదని కాదు. కనబడకుండా పనిచేయడానికే దాన్ని తయారుచేశారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎస్సెమ్మెస్సులు చదవడానికి అనుమతి ఇచ్చి ఉంటావు. ఇక నీ ఓటీపీలు నీకంటే ముందు వాడికి చేరతాయి. ఇంట్లో ఇంకొకరి ఫోను నుంచి బ్యాంకుకు ఫోన్ చేసి ఖాతా లావాదేవీలు ఆపించు, మెయిలు పాస్‌వర్డు మార్చు, 1930కి చెప్పు. ఆ తర్వాత ఫోటోలు వేరే చోట దాచుకుని ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చెయ్. ఒట్టి అన్ఇన్‌స్టాల్‌తో సరిపెట్టుకోకు.

ఆ మ్యాచ్ నాడు నేనూ గ్యాలరీలో ఉన్నాను. ఆ టికెట్టు ముక్క కోసం మనసు ఎంత లాగుతుందో నాకు తెలుసు, ఆ లాగుడు మీదే వాడు వల వేశాడు. టికెట్టు ఫోటో చూపించడానికి ఏ యాప్ అక్కర్లేదు. ఫోటో పంపితే చాలు.

సందేహం: మా ఇల్లు బీచ్ రోడ్డులో. కార్డులు ఉప్పుగాలికి వంకర తిరుగుతున్నాయి. బీరువాలో పెట్టే చిన్న ఎలక్ట్రిక్ డీహ్యూమిడిఫయర్ కొనమంటారా?
– ఒక పాఠకురాలు, పెదవాల్తేరు

జవాబు: వద్దు. ఆ చిన్న డబ్బాలు మన ఆగస్టు తేమ ముందు నిలవవు, రాత్రంతా తిరిగి చెంచాడు నీళ్ళు తీస్తాయి. రబ్బరు పట్టీ ఉన్న గాలి చొరబడని డబ్బా, నారింజరంగు సిలికా జెల్, లోపల పెట్టే చిన్న డిజిటల్ తేమ మీటరు కొనండి. కార్డులు ఉంచిన కవర్లు పీవీసీవి అయితే ముందు అవి మార్చండి, కొన్నాళ్ళకు జిడ్డు కారి అచ్చును పట్టేస్తాయి. పాలీప్రొపిలీన్ అని రాసి ఉన్నవి చూసి తీసుకోండి. మీటరు 50 దగ్గర ఉంటే మంచిది. 60 దాటినా, జెల్ ఆకుపచ్చకు తిరిగినా, దాన్ని ఓవెన్‌లో సన్నటి వేడి మీద ఆరబెట్టి మళ్ళీ పెట్టండి.