జాకీ చాన్ జీవితం నుంచి మీరు నేర్చుకున్నదేమిటి?

ఈ ప్రశ్నకి ఇప్పటికే వచ్చిన జవాబులు చదివాను. క్రమశిక్షణ, పట్టుదల, కష్టే ఫలి. ఇవన్నీ పదో తరగతి వీడ్కోలు సభలో హెడ్మాస్టరు చెప్పే మాటలే, వీటికి జాకీ చాన్ అక్కర్లేదు. నా మటుకు ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఒక్కటే: దెబ్బ తగిలితే దాచుకోకపోవడం.

మాది బరంపురం. ఒడిశాలో ఉన్నా మా వీధి వీధంతా తెలుగువాళ్లమే. చిన్నప్పుడు దగ్గర్లో ఒక వీడియో హాలు ఉండేది. హాలంటే పెద్దగా ఊహించుకోకండి. రేకుల షెడ్డు, ఒక టీవీ, ఒక వీసీఆర్, కింద గోనె పట్టాలు. ఓనరుకి ఎప్పుడూ తర్వాతి ఆట తొందరే. విలన్ కింద పడ్డాడో లేదో టేపు ఆపేసి "నడండి, నడండి" అని తరిమేసేవాడు. సినిమా అంటే అక్కడికి అయిపోయినట్టే అనుకునేవాళ్లం.

ఒకరోజు ఆయన టీకి వెళ్లి కబుర్లలో పడ్డాడు. టేపు నడుస్తూనే ఉంది. పేర్లు వస్తుంటే పక్కన ఏవో ముక్కలు ముక్కలుగా సీన్లు. టేపు పాడైందనుకున్నాం. అంతలో, ఇందాక పడవలాంటి దానిమీదకి దర్జాగా దూకిన హీరో మళ్లీ దూకాడు. ఈసారి కాలు మడతపడింది. చీలమండ పట్టుకుని మొహం చిట్లించాడు, జనం పరిగెత్తుకొచ్చారు. ఆ తర్వాత కాలికి కట్టు. కట్టు మీద బూటులా రంగు వేసిన సాక్సు తొడిగి మళ్లీ షూటింగు! మాలో ఒకడు, మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో పులి వేషం కట్టేవాడు, మోకాళ్ల మీద లేచి "ఒరేయ్, ఇది యాక్టింగ్ కాదురా, నిజంగానే విరిగింది" అన్నాడు. ఓనరు వచ్చి ఎప్పట్లాగే నొక్కేశాడు, కానీ మేం చూడాల్సింది చూసేశాం.

అది 1995లో వచ్చిన జాకీ చాన్ సినిమా 'రంబుల్ ఇన్ ది బ్రాంక్స్' అని చాలా ఏళ్లకి తెలిసింది. ఆయనదే ఇంకో సినిమా 'ఆర్మర్ ఆఫ్ గాడ్' సంగతి ఇంకా ఘోరం. యుగోస్లావియాలో గోడ మీంచి చెట్టుకొమ్మకి దూకే షాట్ మొదటిసారే వచ్చినా, తృప్తి లేక ఇంకోసారి దూకాడు. కొమ్మ విరిగి, తల రాయికి తగిలి పుర్రె పగిలింది. ప్రాణం మీదకొచ్చింది. ఆ ముక్క కూడా సినిమా చివర్లో పెట్టేశాడు. మన హీరోల గాయాలు పత్రికా ప్రకటనల్లో వస్తాయి తప్ప తెరమీద రావు. వాళ్లకి చెమట పట్టడమే గొప్ప.

ఆయన తండ్రి ఆస్ట్రేలియాలో, కాన్‌బెర్రాలోని అమెరికా ఎంబసీలో వంటవాడు. కొడుకుని హాంకాంగ్‌లో, చైనా సంగీత నాటకాలు నేర్పే ఒపెరా స్కూల్లో వదిలి వెళ్లారు. ఇది చదివినప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చాడు. మా గంజాం జిల్లాలో పనికోసం సూరత్ వెళ్లినవాళ్లు లేని వీధి ఉండదు. మా నాన్న అక్కడి మరమగ్గాల మీదే పనిచేశాడు. మగ్గంలో వేలు నలిగిన సంగతి ఉత్తరంలో రాయలేదు, ఫోన్లో చెప్పలేదు. పండక్కి వచ్చినప్పుడు ఎడమచెయ్యి జేబులో పెట్టుకునే బండి దిగాడు. అన్నానికి కూర్చున్నప్పుడు అమ్మ కంటపడింది. "చెప్తే ఏం చేస్తారు మీరు" అన్నాడంతే. నాకిప్పటికీ కోపమే. చెప్తే కనీసం ఆ నెల స్కూల్ ఫీజు కోసం ఆయన్ని పీడించి ఉండేవాణ్ని కాదు.

ఇక ఇప్పటి కరాటే క్లాసుల గురించి చెప్పకుండా ఉండలేను. మూణ్ణెల్లకో బెల్టు, బెల్టుకో ఫీజు. మావాణ్ని ఒకచోట చేర్పిస్తే, వాడు జారి వెల్లకిలా పడిన ముక్క కోసేసి, ముందే బీట తీసి ఉన్న పెంకు పగలగొట్టిన ముక్క మాత్రం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. పడిందీ పెట్టండి మాస్టారూ, పిల్లలకి భయం పోతుంది అన్నాను. "అడ్మిషన్లు పోతాయి సార్" అన్నాడు.

మాన్పించేసి అఖాడాకి, అంటే కుస్తీ గోదాకి, పంపుతున్నాను. అక్కడ రోజూ పడటమే పని. మట్టి బట్టలు మాత్రం నేనే ఉతకాలని మా ఆవిడ షరతు పెట్టింది.